హిమసీమలలో వెదురు

వెదురు తెలుగువారికి చిరపరిచితమైన మొక్క. నల్లమల అడవులలోను, గోదావరి మన్యమునందును ఇది గుబురులు గుబురులుగా పెరుగును. చేట, తట్ట, బుట్ట, నిచ్చెన, పిల్లనగ్రోవి మున్నగునవన్నియు వెదురుతో తయారగునవే. పుట్టిన శిశువును చేటలో పరుండబెట్టిన నాటినుండి కడపటి ప్రయాణమునకు పాడె కట్టు దినము వరకు మన జీవితమున దీని తోడు తప్పదు. అందుచేత వెదురనగా ఎండలు కాయు దేశములకు మాత్రమే చెందిన మొక్కయని మనము తలచుట సహజము. కాని శీతకాలమంతయు నేల రాయివలె గడ్డకట్టి, మనుష్యుని నడుమును మించి హిమము పేరుకొను ప్రదేశములలోను వెదురు పచ్చని ఆకులతో బ్రదికియుండును. అచ్చట అది ఎట్లు జీవించుచున్నది? దానిని తోటలలో పెంచువారు ఎట్టి జాగ్రత్తలు తీసికొనవలెను? ఈ విషయములను ఇప్పుడు తెలిసికొందము.

ఎంత ఎత్తు పెరిగినను వెదురు చెట్టు కాదు. అది గడ్డి కుటుంబమునకు చెందినది. వరికి, గోధుమకు, చెరకునకు చుట్టము. ప్రపంచమున 1,400కు పైగా వెదురు రకములు కలవు. వీటియందు మన కంటికి కనబడు గడకన్న కనబడని భాగము ముఖ్యమైనది. నేలలోపల దీనికొక కాండము ఉండును. దానిని భూగర్భకాండము అందురు. కొత్త గడలన్నియు దాని కణుపులయందలి మొగ్గలనుండియే పుట్టును.

ఈ భూగర్భకాండము పెరుగు తీరు రెండు విధములు. మన అడవులలోని ముళ్ల వెదురు, సాధన వెదురు మొదలగువానికి అది పొట్టిగా నుండి, వెంటనే పైకి తిరిగి గడయగును. అందువలన గడలన్నియు దగ్గర దగ్గరగా చేరి పొదగా ఏర్పడును. చైనా, జపాను దేశములలో విరివిగా పెరుగు ఫిల్లోస్టాకిస్ జాతి వెదుళ్లకు అది త్రాటివలె పొడవుగా సాగి, నేలలో నలుదిక్కులకు ప్రాకుచు, దూరదూరముగా గడలను పంపును. చలికి ఓర్చు వెదుళ్లలో ఈ ప్రాకెడి రకములే ఎక్కువ. అయినను పొదగా పెరుగు రకములన్నియు చలికి చచ్చునని చెప్పరాదు. మధ్య చైనా కొండలలోని ఫార్గేసియా జాతి పొదగనే పెరుగును. అందులో కొన్ని రకములు సున్నాకు 25 సెంటిగ్రేడు డిగ్రీలు క్రిందికి దిగిన చలికిని తట్టుకొనగలవు.

అట్లయిన చలిని ఓర్చు వెదురునకును, ఓర్వలేని వెదురునకును భేదమెక్కడ నున్నది? మొదటి భేదము మొలకెత్తు కాలమునందున్నది. మన వెదురు వానకాలమున మొలకెత్తును. శీతకాలము వచ్చునప్పటికి ఆ గడలు ఇంకను లేతగనే యుండును. మన శీతకాలము సౌమ్యమైనది కావున వానికి హాని లేదు. అదే మొక్కను మంచు పడు దేశమున నాటినచో, ఆ లేత గడలలోని నీరు గడ్డకట్టి అవి నశించును. శీతలదేశపు వెదురు వసంతమున మొలకెత్తును. రెండు మూడు నెలలలో గడ తన పూర్తి ఎత్తు పెరిగి, కొమ్మలు వేసి, ఆకులు తొడుగును. మిగిలిన వేసవిలోను, శరత్తులోను ఆ ఆకులు తయారుచేసిన ఆహారము భూగర్భకాండమునకు దిగి అందు నిలువయగును. చలి వచ్చువేళకు గడ ముదిరి గట్టిపడియుండును. మొగ్గలు నేలలో నిద్రించుచుండును. గడ మొలకెత్తినప్పుడు ఎంత లావున్నదో జీవితాంతము అంతే లావుండును. ఆ లావు వెనుకటి సంవత్సరము నేలలో దాచిన ఆహారమును బట్టి యుండును. కావున ఒక ఏటి కూడబెట్టు మరుసటి ఏటి సంపద యని చెప్పవచ్చును.

రెండవ విషయము మరింత విచిత్రమైనది. శీతకాలమున వెదురును చంపునది తరచుగా చలి మాత్రమే కాదు, దాహము! వెదురు ఆకులు చలికాలమున కూడ రాలవు. గాలి వీచినను, ఎండ కాచినను వానినుండి నీరు ఆవిరియై పోవుచునే యుండును. కాని నేల గడ్డకట్టినప్పుడు అందలి నీరు మంచుగడ్డయై వేళ్లకు అందదు. రాబడి నిలిచిపోయి ఖర్చు మాత్రము సాగుచున్న సంసారమువంటి స్థితి అది. మన సాధన వెదురు పొడి నేలలలో వేసవి వచ్చినప్పుడు ఆకులు రాల్చి నీటిని కాపాడుకొనును. హిమసీమలలోని కొన్ని వెదుళ్లు అదే పనిని వేరొక విధముగా చేయును. అవి ఆకులను నిలువుగా సన్నని గొట్టములవలె చుట్టుకొని, గాలికి తగులు వైశాల్యమును తగ్గించుకొనును. మనకు వేసవి యెట్టిదో వానికి శీతకాలమట్టిది.

ఇక హిమమునకును వెదురునకును గల స్నేహమును చూడుడు. జపానునకు ఉత్తరమున హొక్కైడో ద్వీపము కలదు. అచ్చటి అడవులలో చెట్ల క్రింద సాస యను పొట్టి వెదురు దట్టముగా పెరుగును. అందు చిషిమజాస యను రకము సఖాలీను, కురిల్ ద్వీపముల వరకు వ్యాపించియున్నది. ప్రపంచమున అన్నిటికన్న ఉత్తరమున పెరుగు వెదురు ఇదియే. హిమము మీద పడగానే దీని గడలు విరుగక వంగి నేలపై పండుకొనును. హిమము కరిగిన పిదప మరల లేచి నిలుచును. హిమము చల్లనిదే గదా, దాని క్రింద మొక్క ఎట్లు బ్రదుకునని మీకు సందేహము కలుగవచ్చును. హిమపు రేణువుల నడుమ గాలి చిక్కుకొని యుండును. ఆ గాలి వేడిని బయటికి పోనీయదు. కావున పైన గాలి ఎంత చల్లబడినను, దట్టమైన హిమము క్రింద నేల సున్నా డిగ్రీలకు సమీపముననే యుండును. ఎండిన గాలియు అచ్చటికి చేరదు. హిమము ఆ వెదురునకు కంబళి వంటిది.

హిమము తక్కువగా పడు తూర్పు భాగములందు మియాకోజాస యను మరియొక రకము పెరుగును. దానికి కంబళి లేదు. అందుచేత అది తన మొగ్గలను నేలలోపలనే దాచుకొనును. దాని గడలు ఒకటి రెండేండ్లకన్న ఎక్కువ కాలముండవు. అవి పోయినను క్రింది మొగ్గలనుండి కొత్తవి వచ్చును. శీతకాలమున హిమము సుమారు 50 సెంటీమీటర్ల లోతున పడు రేఖయే ఈ రకపు ఎల్లయని జపాను శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

శీతలపర్వతములందలి వెదురు ఇతర ప్రాణులకును ఆధారము. మన దేశమున డార్జిలింగు, సిక్కిము కొండలలో పెరుగు మాలింగో వెదురు ఎఱ్ఱ పాండాకు ఆహారము. చైనాలోని పెద్ద పాండా దాదాపు పూర్తిగా వెదురు తినియే జీవించును. దినమునకు 12 మొదలు 38 కిలోల వరకు తినును. శీతకాలమున అది ఎలుగుబంటివలె గుహలో నిద్రించదు. హిమములో నడచుచు వెదురునే వెదకుకొనును. ఆ వెదురు చలికి ఓర్చి పచ్చగా నిలువకున్నచో పాండా జాతియే లేదు.

అయితే చలిని గెలిచిన వెదురునకును ఒక గండమున్నది. అనేక రకముల వెదుళ్లు దీర్ఘకాలమునకు ఒక్కసారి పూచి, విత్తనమిచ్చి, మూకుమ్మడిగా చనిపోవును. చైనాలోని మిన్షాన్ పర్వతములలో 1970ల నడిమి కాలమున అట్లే జరిగెను. ఆ సమయమున 138 పాండాలు చనిపోయినట్లు లెక్క తేలెను. పూర్వము ఒక రకము పూచినప్పుడు పాండాలు కొండ దిగి వేరొక రకము వెదురున్న చోటికి పోయెడివి. కాని క్రింది వాలులు పొలములుగను, గ్రామములుగను మారుటచే వానికి ఆ దారి మూసికొనిపోయెను. తోటలకును ఇట్టి ఆపద వచ్చినది. విల్సను అను ఆంగ్లేయ వృక్షాన్వేషకుడు 1907లో చైనాలో సేకరించిన ఒక ఫార్గేసియాకు ఆయన కుమార్తె మ్యూరియల్ పేరు పెట్టిరి. అది ఐరోపా తోటలలో విరివిగా వ్యాపించెను. 1970ల నుండి 1990ల వరకు ఆ మొక్కలు వరుసగా పూచి నశించెను. తోటమాలులు వాని విత్తనములనుండి కొత్త తరమును పెంచుకొనవలసి వచ్చెను. ఒక్క రకముపైననే ఆధారపడుట ఎంత ప్రమాదకరమో దీనివలన తెలియుచున్నది.

చలిదేశములలో వెదురును పెంచువారు ఈ ప్రకృతి పాఠములనే అనుసరింతురు. మొట్టమొదట రకమును ఎన్నుకొనవలెను. మన ఊరి వెదురుపై మమకారముతో దానిని కొనిపోయి మంచు పడు నేలలో నాటినచో అది మొదటి చలికే నశించును. నాటుటకు వసంతము తగిన కాలము. చలి వచ్చులోపల వేళ్లు నాటుకొనును. తూర్పు, ఉత్తర గాలులు సూటిగా తగులని చోటు, నీరు నిలువని నేల మంచివి. భూగర్భకాండము చాలవరకు పై 30 సెంటీమీటర్ల మట్టిలోనే యుండును. కావున శరత్తు చివర మొక్క మొదట ఎండుటాకులనో, గడ్డినో జానెడు మందమున పరువవలెను. రాలిన వెదురాకులను ఊడ్చివేయక అచ్చటనే యుంచుట మేలు. నేల గడ్డకట్టక ముందే సమృద్ధిగా నీరు పోయవలెను. శరత్తున ఎరువు ఎక్కువ వేయరాదు. వేసినచో లేత చిగుళ్లు వచ్చి చలికి మాడిపోవును. కుండీలోని వెదురునకు నాలుగు వైపులనుండి చలి తగులును గనుక దాని రక్షణ మరింత అవసరము. మొదటి రెండు మూడు శీతకాలములు దాటిన మొక్కకు భయము తగ్గును.

కొన్ని ఏండ్లు చలి మితిమీరును. వసంతము వచ్చువేళకు ఆకులన్నియు ఎండుగడ్డి రంగునకు తిరిగి, తోట స్మశానమువలె కనబడును. అనుభవము లేనివారు మొక్క చచ్చినదని తలచి త్రవ్వి పారవేయుదురు. అనుభవజ్ఞులు వేచియుందురు. గడ పచ్చగా నున్నచో కణుపుల మొగ్గలనుండి కొత్త ఆకులు పుట్టును. గడ యెండినను భూగర్భకాండము సజీవముగా నున్నచో కొత్త మొలకలు వచ్చును. అవి ముందటివానికన్న సన్నగా నుండవచ్చును. క్రమముగా బలము పుంజుకొనును.

ఒక హెచ్చరిక కూడ అవసరము. ప్రాకెడి వెదురు బాగుగా నాటుకొన్న పిదప ఎల్లలెరుగదు. పొరుగువారి దొడ్డిలోనికిని చొచ్చుకొనిపోవును. జపానులో పట్టించుకొనువారు లేక విడిచిన వెదురు తోటలు పరిసరపు అడవులను ఆక్రమించుచున్నవి. కావున మొక్క చుట్టును రెండు అడుగులకు మించిన లోతున అడ్డు పాతవలెను. లేదా ఏటేట కందకము త్రవ్వి వెలికి వచ్చిన కాండములను నరుకవలెను.

విద్యార్థులారా! హిమసీమలోని వెదురు చలితో పోరాడదు. అది తగిన కాలమున పెరుగును, కలిగిననాడు కూడబెట్టును, కష్టకాలమున ఖర్చు తగ్గించుకొనును, బరువు మీద పడినప్పుడు వంగును, ప్రాణమును మాత్రము నేలలో భద్రముగా దాచుకొనును. పైకి ఎండిపోయినట్లు కనబడిన దానినెల్ల చచ్చినదని నిర్ణయింపరాదు. వేరు సజీవముగా నున్నంతకాలము వసంతము రాగానే మొలక తప్పక వచ్చును.

ప్రశ్నలు

1. మన వెదురునకును శీతలదేశపు వెదురునకును మొలకెత్తు కాలమున గల భేదమేమి?
2. హిమము వెదురునకు కంబళి వంటిదని చెప్పుటకు కారణమేమి?
3. మిన్షాన్ పర్వతములలో పాండాలు చనిపోవుటకు గల రెండు కారణములను వివరింపుము.
4. ఆకులెండిన వెదురును వెంటనే త్రవ్వివేయరాదని ఏల చెప్పుదురు?