గడియారానికి ఏ కర్ర? నకిరేకల్ వడ్రంగులకు కొన్ని మాటలు

చెక్క వాచీలు, చెక్క గోడ గడియారాలు చేసి అమ్మాలన్న ఆలోచన ఇప్పుడు చాలామంది కుర్ర వడ్రంగుల్లో కనిపిస్తోంది. దర్వాజలు, కిటికీల పని రెడీమేడ్ తలుపులకు, యూపీవీసీకి పోతోంది. మిగిలిన పనిలో ఎక్కువ భాగం ప్లైవుడ్ మీద సన్మైకా అంటించడమే. ఉలి, చిత్రిక పట్టడం నేర్చిన చేతికి అందులో తృప్తీ లేదు, నేర్పుకు తగిన కూలీ కూడా లేదు. అందుకే చిన్న వస్తువుల వైపు చూడటం తెలివైన పనే అంటాను. అయితే చాలామంది మొదటి అడుగే తప్పు వైపు వేస్తున్నారు. ఫోన్‌లో అమెరికా, చైనా చెక్క వాచీలు చూసి, వాటికి వాడే మేపుల్, వాల్‌నట్, జీబ్రావుడ్, ఎబొనీ ఎక్కడ దొరుకుతాయని హైదరాబాద్ టింబర్ డిపోల చుట్టూ తిరుగుతున్నారు. నకిరేకల్‌లో ఉన్నవాళ్లకు ఆ అవసరం లేదు. వాచీకి కావలసిన ముక్క మీ అరచేతిలో పట్టేంతే. ఆ కొలతకు మన చుట్టుపక్కల దొరికే కర్ర సరిపోవడమే కాదు, కొన్ని విషయాల్లో బయటి కర్రకన్నా మేలు కూడా.

ఎందుకు మేలో తెలియాలంటే కర్ర కదలిక గురించి కొంచెం లోతుగా చూడాలి. గడియారం పని నిలిచేదీ పోయేదీ ఇక్కడే. కర్ర గాలిలో తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు ఆ తేమ వదిలి కుంచించుకుపోతుంది. తలుపు వానాకాలంలో బిగుసుకుంటే రెండు చిత్రిక పొరలు తీసి సరిచేస్తారు. వాచీలో ఆ వెసులుబాటు లేదు. అద్దం, స్టీలు, మిషన్ ఏవీ కదలవు, కర్ర ఒక్కటే కదులుతుంది. పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి టేకు పలక వెడల్పులో సుమారు 5.3 శాతం తగ్గుతుంది. వాచీలకు పేరుపడ్డ గట్టి మేపుల్ 9.9 శాతం తగ్గుతుంది. దీన్ని వాచీ కొలతలోకి తెచ్చి చూడండి. 40 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కలో తేమ 12 శాతం నుంచి 6 శాతానికి పడిపోయిందనుకుంటే, టేకు దాదాపు 0.4 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది, మేపుల్ 0.8. వానాకాలంలో చేసిన మేపుల్ వాచీ మన మే నెల ఎండకు చీలిందంటే కారణం ఇదే.

ఇంకో కిటుకు ఉంది. మన పెద్ద వడ్రంగులకు ఇది చెప్పకుండానే తెలుసు. పలక కొన వైపు చూడండి. చెట్టు వలయాలు పలక ముఖానికి నిలువుగా నిలబడి ఉంటే ఆ పలక నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు కోసినది. వలయాలు విల్లులా వంగి పడుకుని ఉంటే బోదె పక్క నుంచి కోసినది. మొదటి రకంలో టేకు కుంచించుకునేది 2.6 శాతమే, అంటే సగం. పైన చెప్పిన 40 మిల్లీమీటర్ల ముక్క 0.4కు బదులు 0.2 దగ్గర ఆగిపోతుంది. డిపోలో పలక ఏరేటప్పుడు ముఖం మీది డిజైన్ చూసి మురిసిపోకుండా ముందు కొన చూడండి. గడియారానికి నిలువు వలయాల పలకే కావాలి.

మూడు వందల ఏళ్ల కింద ఇంగ్లండ్‌లో జాన్ హారిసన్ కర్ర తీరు ఎరిగి పనిచేయడాన్ని ఎంత దూరం తీసుకెళ్లాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన వడ్రంగి కొడుకు, తానూ వడ్రంగే. చక్రాలతో సహా కర్రతోనే గడియారాలు చేశాడు. ఓక్ చక్రానికి పళ్లను విడి ముక్కలుగా చేసి, ప్రతి పంటిలోనూ నార కేంద్రం నుంచి బయటికి సాగేలా అమర్చాడు. అందుకే పళ్లు విరగలేదు. ఇరుసులు తిరిగే చోట లిగ్నమ్ వైటే అనే కర్ర పెట్టాడు. నీళ్లలో మునిగేంత బరువైన ఆ కర్రలోనే జిడ్డు ఉంటుంది. 1722 ప్రాంతంలో బ్రాకిల్స్‌బీ పార్క్‌లో ఆయన పెట్టిన గడియారం నూనె చుక్క అక్కర్లేకుండా ఇప్పటికీ నడుస్తోంది. తర్వాత సముద్రంలో ఓడలకు దారి చూపిన గడియారాలు చేసింది కూడా ఈ వడ్రంగే.

ఇక మన కర్రల సంగతి. నకిరేకల్, కట్టంగూర్, కేతేపల్లి ఊళ్లలో పాత గూనపెంకుల ఇళ్లు కూలగొట్టినప్పుడల్లా దూలాలు, దంతెలు, దర్వాజ కమ్మీలు బయటపడతాయి. వాటిలో మంచి టేకు ఉంటుంది. దశాబ్దాలపాటు ఇంటి కప్పు కింద ఎండిన కర్ర అది. కొత్త టేకు కొని ఎండబెట్టి ఎదురుచూసే బాధ ఉండదు, కొత్తగా చెట్టు కొట్టాల్సిన పనీ లేదు. పర్యావరణానికి ఇంతకన్నా మంచి కర్ర నాకు తెలియదు. చిక్కు మొలలతోనే. కోత మిషన్‌కు పంపేముందు పెద్ద అయస్కాంతం పలక పొడవునా రుద్ది చూడండి. మొల తగిలితే రంపం పళ్లు పోతాయి. దూలం కొనలు గోడలో ఉన్న మేర చెదలు, పుచ్చు ఉండొచ్చు, అంతవరకు కోసి పారేయండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అతికించే ముఖం మీద ఆ రోజే చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి జిగురు పెట్టాలి. నిన్న చిత్రిక పట్టిన ముఖం మీద ఈ రోజు జిగురు పెడితే అతుకు నమ్మదగ్గది కాదు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది మాత్రం సర్కారు తుమ్మ గురించి. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటిన చెట్టు ఇది. ఈ రోజు మన చెరువు శిఖాలు, బీళ్లు, రోడ్డు పక్కలు అన్నీ దీనివే. పశువులు కాయలు తిని విత్తనాన్ని ఊరూరా చల్లాయి. దీన్ని కొట్టి బొగ్గు బట్టీల్లో కాలుస్తున్నారు తప్ప కర్రగా ఎవరూ చూడరు. నిటారుగా పెరగదు, బోదె సన్నం, ముళ్లు, పైగా వంకర. దర్వాజకు పనికిరాదు, నిజమే. కానీ వాచీకి రెండంగుళాల ముక్క చాలు! టెక్సాస్‌లో దీని అన్నదమ్ముల చెట్టు ఉంది, పేరు మెస్కీట్. ఫర్నిచర్ చేసేవాళ్లు దానికి మంచి ధర పెడతారు, ఎందుకంటే అది కదలదు. పచ్చి నుంచి ఎండే వరకు వెడల్పులో తగ్గేది 3.2 శాతమే, నిలువు వలయాల పలకలో 1.6. టేకుకన్నా నిలకడైన కర్ర అన్నమాట. మన సర్కారు తుమ్మ చేవ ఎర్రగా, గోధుమ రంగులో ఉంటుంది, బరువుగా ఉంటుంది, పాలిష్ పడితే నిగనిగలాడుతుంది. చేవ చుట్టూ ఉన్న పసుప్పచ్చటి తెల్లకర్రకు మాత్రం పురుగు పడుతుంది, దాన్ని పూర్తిగా తీసేయాలి. తొడ లావు బోదెలు ఏరండి, సన్నవాటిలో చేవ ఉండదు. కొట్టిన వెంటనే కొనలకు మైనమో పాత పెయింటో పూయండి, లేకుంటే కొనల నుంచి నెర్రెలు విచ్చుతాయి. పలకలుగా కోసి, మధ్య మధ్య సన్న పట్టీలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చాలి. ఎండలో పెడితే పాడవుతుంది. ఈ చెట్టు నరికినందుకు బీడు బాగుపడుతుందే తప్ప ఎవరికీ నష్టం లేదు. అయితే చెరువు శిఖంలోది సాధారణంగా ప్రభుత్వానిది, పట్టా భూమిలోది రైతుది. అడిగి తీసుకోండి.

నల్లతుమ్మ సంగతి బండి చక్రాలు, నాగళ్లు చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు నేను చెప్పాలా? గట్టిది, దెబ్బకు ఓర్చేది. దాని వగరు ఇనుముకు తగిలితే నల్ల మచ్చ వస్తుంది కాబట్టి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మరలే వాడాలి. వేప ఎర్రటి రంగు అందంగానే ఉంటుంది, పురుగు పెద్దగా పట్టదు, పొలం గట్ల మీద కావలసినంత దొరుకుతుంది. కాకపోతే నార అల్లుకుని ఉంటుంది, చిత్రిక ఒకవైపు నున్నగా పోయి ఇంకోవైపు పెళ్లలు లేపుతుంది. బ్లేడు బాగా పదును పెట్టి పల్చగా పట్టాలి. మామిడి చవక, మెత్తన, పురుగు భయం ఎక్కువ, గోడ గడియారం వరకు సరే. వెదురు తేలిక, త్వరగా పెరుగుతుంది, 2017లో కేంద్ర అటవీ చట్టం మారాక అడవి బయట పెరిగిన వెదురు ఆ చట్టంలో చెట్టు లెక్కలోకి రాదు. దాన్ని పట్టీలుగా చీల్చి అతికించాల్సిన పని మాత్రం వేరు.

రెండు కర్రల జోలికి ఆలోచించకుండా వెళ్లకండి. ఎర్రచందనం శేషాచలం ప్రాంతపు చెట్టు, 1995 నుంచి సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అంటే దేశాలు దాటే వ్యాపారానికి అనుమతులు కావాలి. పత్రాలు లేని ముక్క ఎంత చిన్నదైనా, ఎంత చవకగా ఇస్తానన్నా వద్దు. చైనా వాచీల మీద ‘రెడ్ శాండల్’ అని చూసి ఆశపడే పిల్లలకు ఇది తప్పక చెప్పండి. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, 2017 జనవరి నుంచి అదే జాబితాలో ఉంది. తయారైన వస్తువుల్లో ఆ కర్ర ఒక పార్సిల్‌కు మొత్తం 10 కిలోలు దాటకపోతే సైటిస్ మినహాయింపు ఉంది, వాచీలకు అది చాలు. అయినా కర్ర ఎక్కడ కొన్నారో బిల్లు ఉండాలి. పాత ఇంటి జిట్రేగి మంచం కోడు దొరికితే ఇల్లుగలాయన చేత ఒక కాగితం రాయించుకోండి. పచ్చి చెట్టు కొట్టించాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి, రవాణాకు పర్మిట్ సంగతి వేరు. కొన్ని జాతులకు మినహాయింపులు ఉంటాయి. ఏ చెట్టుకు ఏమిటన్నది అటవీ రేంజ్ ఆఫీసులో అడిగాకే రంపం తీయండి.

తేమ కొలిచే మీటర్ లేకపోయినా ఫర్వాలేదు. కర్ర మధ్యలోంచి చిన్న ముక్క కోసి ఔసలాయన దుకాణంలో బంగారం కాటా మీద తూకం వేయించండి. 50 గ్రాములు ఉందనుకుందాం. ఆ ముక్కను చిన్న కరెంటు ఓవెన్‌లో వంద డిగ్రీలు దాటీ దాటకుండా ఉంచి, బరువు ఇక తగ్గడం లేదనేదాకా ఆరబెట్టి మళ్లీ తూయించండి. 44.6 గ్రాములు వస్తే పోయిన నీళ్లు 5.4 గ్రాములు. దాన్ని 44.6తో భాగిస్తే సుమారు 12 శాతం తేమ. గడియారానికి 8 నుంచి 10 శాతం మధ్య ఉన్న కర్ర తీసుకోవడం మంచిది. అంతకన్నా ఎక్కువ ఉంటే ఇంకొన్ని వారాలు నీడలోనే ఉండనివ్వండి. తొందరపడి చేసిన వాచీ తిరిగొస్తే పోయేది మీ పేరే.

మొదటే చేతి వాచీకి పోవద్దు. గోడ గడియారం, బల్ల గడియారం చేయండి. మిషన్ చవక, వెనక గుండ్రటి రంధ్రం చాలు, తప్పు దిద్దుకునే చోటు ఉంటుంది. మిషన్ కొనేముందు చూడాల్సింది దాని ఇరుసు పొడవు. పలక మందం దాటి ముల్లు బిగించేంత బయటికి రావాలి. చెయ్యి కుదిరాక వాచీకి రండి. విరివిగా వాడే జపాన్ మియోటా 2035 మిషన్ మందం 3.15 మిల్లీమీటర్లే, 626 సెల్లుతో నడుస్తుంది. అద్దాన్ని, మిషన్‌ను నేరుగా కర్రలో బిగించకండి. స్టీలు రింగులో కూర్చోబెట్టి, రింగుకూ కర్రకూ మధ్య వెంట్రుక వాసికన్నా కాస్త ఎక్కువ ఖాళీ వదిలి, సాగే సిలికాన్ జిగురుతో పట్టించండి. వెనక మూత స్టెయిన్‌లెస్ స్టీలుదే పెట్టండి, చెమట కర్రకు తగలకూడదు. నీళ్లలో ముంచకూడదని కొనేవాళ్లకు ముందే చెప్పండి, రాసి ఇవ్వండి. పైపూతకు అవిసె నూనె, తేనెమైనం చాలు. గీత పడితే ఇంట్లోనే మళ్లీ రుద్దుకోవచ్చు.

దుమ్ము విషయం తేలిగ్గా తీసుకోవద్దు. కర్ర దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ముక్కు లోపలి క్యాన్సర్‌కూ దీనికీ సంబంధం ఉంది. జిట్రేగి, టేకు దుమ్ము చర్మానికి దద్దుర్లు తెస్తుంది. తలుపు పనికన్నా వాచీ పనిలో సాండ్ పేపర్ రుద్దుడు ఎక్కువ, వచ్చే పొడి సన్నం. ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. పక్కన పని నేర్చుకునే పిల్లాడికీ ఒకటి ఇవ్వండి.

పెట్టుబడికి అప్పు చేయక ముందు పీఎం విశ్వకర్మ పథకం గురించి కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి, వడ్రంగం వాటిలో ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, తర్వాత లక్ష, ఆపైన రెండు లక్షల అప్పు 5 శాతం వడ్డీకి ఇస్తారు. కర్ర శాస్త్రం లోతుగా నేర్చుకోవాలనుకునే పిల్లలకు బెంగళూరులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది, అక్కడ చిన్న కోర్సులు నడుపుతారు.

ధర కట్టేటప్పుడు ఆన్‌లైన్‌లో చైనా వాచీ రేటు చూసి భయపడి తగ్గించకండి. మీ రోజు కూలీని గంటల్లోకి మార్చి, ఒక్కో వాచీకి పట్టే గంటలు, మిషన్, అద్దం, బెల్టు, చెడిపోయే ముక్కలు అన్నీ కలిపి లెక్క వేయండి. మన దగ్గర ఉన్న వరం ఒకటి గుర్తుంచుకోండి. పోచంపల్లి ఇక్కత్ మన ఉమ్మడి జిల్లాదే. తోలు బెల్టు బదులు ఇక్కత్ గుడ్డ బెల్టు వేస్తే ఆ వాచీ ఇంకెక్కడా దొరకదు. పోచంపల్లి చూడటానికి వచ్చేవాళ్లు అలాంటి వస్తువు కోసమే వెతుకుతారు. ప్రతి వాచీతో ఒక చిన్న కార్డు ఇవ్వండి. అందులో కర్ర పేరు, అది ఏ ఊరి ఏ ఇంటి దూలమో లేక ఏ బీడులోని సర్కారు తుమ్మో, ఏ నెలలో చేశారో రాయండి. అదే వివరం బిల్లు నంబరుతో మీ పుస్తకంలోనూ ఉండాలి. కొన్నవాళ్లు ఏడాది తర్వాత బాగుచేయించుకోవడానికి వచ్చినప్పుడు, ఏ కర్ర ఎలా నిలిచిందో మీకు తెలిసేది ఆ పుస్తకం వల్లే.