కొలెస్ట్రాల్ మాత్రతో క్యాన్సర్ వస్తుందా?

గానుగ నూనెల వీడియో చూసినవాళ్లలో కొందరు ఇదే అడుగుతున్నారు. "అన్నా, స్టెంట్ వేశారు, రోజూ అటోర్వాస్టాటిన్ వేసుకోమన్నారు. అది కెమికల్ కదా, క్యాన్సర్ వస్తుందంట, మానేయొచ్చా?" అని. వీడియోలో టైమ్ చాల్లేదు, ఇక్కడ వివరంగా చూద్దాం.

ముందు ఈ మందు పుట్టుక. జపాన్‌లో రైతు కుటుంబంలో పుట్టిన అకిరా ఎండో 1970ల మొదట్లో వేల బూజులను పరీక్షించారు. బియ్యం మీద పెరిగిన పెనిసిలియం సిట్రినమ్ అనే బూజులో మొదటి స్టాటిన్ దొరికింది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ కూడా ఒక మట్టి బూజుదే. అటోర్వాస్టాటిన్ మాత్రం ఫ్యాక్టరీలో తయారవుతుంది. బూజు నుంచి వచ్చింది కాబట్టి మంచిదని మాత్రం అనను. అఫ్లాటాక్సిన్ కూడా బూజుదే, అది లివర్ క్యాన్సర్ తెస్తుంది. వేరుశనగ వేసేవాళ్లకి నేను చెప్పాలా!

మరి భయం ఎందుకొచ్చింది? 2002లో ప్రాస్పర్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అందరూ 70 నుంచి 82 ఏళ్ల వాళ్లే. మందు వేసుకున్నవాళ్లలో 245 కొత్త క్యాన్సర్లు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 199. ఇది చూస్తే ఎవరికైనా గుబులే. కానీ ఒక్క సీజన్లో ఒక్క మడి దిగుబడి చూసి విత్తనం మార్చేస్తామా? 2012లో 27 ట్రయల్స్ కలిపి, సుమారు 1,75,000 మంది లెక్క తీశారు. దాదాపు ఐదేళ్లలో క్యాన్సర్ పెరగలేదు. తగ్గలేదు కూడా. బ్రిటన్‌లో 20 వేల మందితో మొదలైన ఇంకో ట్రయల్‌ని 11 ఏళ్లు గమనించినా తేడా కనపడలేదు.

"కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లకే క్యాన్సర్ ఎక్కువ" అనే మాట కూడా తిరుగుతోంది. క్యాన్సర్ బయటపడకముందే కొందరిలో కొలెస్ట్రాల్ పడిపోతుంది. వేరుపురుగు పట్టిన మొక్కకి ఆకు పసుపెక్కినట్టు. పసుపు వల్ల పురుగు రాలేదు కదా.

ఈ మందుకి ఇబ్బందులు లేవని కాదు. కొందరికి కండరాల నొప్పులొస్తాయి, షుగర్ వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది. అలా ఉంటే డాక్టరుకి చెప్పండి, డోసు గానీ మందు గానీ మారుస్తారు. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే మళ్లీ గుండెపోటు ప్రమాదం పెరుగుతుంది.

ఇంకొకటి. నేచురల్ అని రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్ అమ్ముతున్నారు. అందులోని మోనకోలిన్-కె, లోవాస్టాటిన్ రెండూ ఒకటే పదార్థం. ఎంత ఉందో డబ్బా డబ్బాకి మారుతుంది. కొన్నిట్లో కిడ్నీలని దెబ్బతీసే సిట్రినిన్ కూడా దొరికింది. మాత్ర వేసుకుంటూ ఇది కూడా తింటున్నవాళ్లు ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.