హార్డ్‌డిస్కు - హామీపత్రము

కంప్యూటరునందు మనము వ్రాసికొనునదెల్ల భద్రపఱచు పేటికయే హార్డ్‌డిస్కు. 1956వ సంవత్సరమున ఐ.బి.ఎం. వారు వెలువరించిన మొదటి హార్డ్‌డిస్కునందు 50 పళ్లెములుండెను. అయినను అది దాచగలిగినది సుమారు 50 లక్షల అక్షరములే. నేడు అఱచేతి యంతటి డిస్కు అంతకు లక్ష రెట్లకు మించి దాచుచున్నది. అందలి పళ్లెము నిమిషమునకు 5,400 లేక 7,200 మాఱులు తిరుగును. వ్రాతలను చదువు ముల్లు పళ్లెమునకు వెండ్రుకవాసికంటెను దగ్గఱగా, తగులకుండ కదలుచుండును. తగిలినచో వ్రాతలకు చేటు.

గత సంవత్సరము మా పాఠశాల డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేసి, పిమ్మట పనిచేయుట మానెను. వారంటీ గడువింకను మిగిలియుండెను. కావున మూత విప్పక, మెత్తని పొరలలో చుట్టి, రసీదు నకలుతోను సీరియల్ నంబరుతోను పంపితిమి. కొన్నిదినములకు మాఱుడిస్కు వచ్చెను. సంతోషముతో తగిలించి చూడగా అది ఖాళీగా నుండెను! పదియేండ్ల వార్షికోత్సవముల ఛాయాచిత్రములలో ఒక్కటియు మిగులలేదు. హామీ యంత్రమునకే గాని అందలి వ్రాతలకు కాదని పత్రముననే యున్నది. మేము చదువలేదు, తప్పు మాదే.

కావున విద్యార్థులారా, హామీపత్రమును కొన్ననాడే చదువుడు. రసీదును దాచుకొనుడు. ముఖ్యమైన ప్రతి వ్రాతకును వేఱొకచోట నకలుంచుడు. చప్పుడు వినబడినచో, డిస్కు పనిచేయుచుండగనే, నకలు లేనివాటిని ముందుగా తీసికొనుడు. పరులు చూడరానివి యున్నచో, వీలైనంతవఱకు చెఱిపిన పిదపనే పంపుడు. అమ్మినవారు పేటికను మార్చి యియ్యగలరు. అందలి సొత్తును కాచుకొనవలసినవారము మనమే.