పోటీ పరీక్షల ప్రత్యేకం: సెంటర్ స్థానంలో పూనమ్ చతుర్వేది

రాయ్‌పూర్‌లో గ్రూప్స్, రైల్వే పరీక్షలకు చదువుతున్న మన తెలుగు పిల్లలు క్రీడల విభాగంలో క్రికెట్ దగ్గరే ఆగిపోతారు. పక్కనే ఉన్న భిలాయ్ బాస్కెట్‌బాల్ చరిత్రను మాత్రం వదలకూడదు.

బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి పూనమ్ చతుర్వేది స్వస్థలం ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్. భిలాయ్‌లో కోచ్ రాజేశ్ పటేల్ దగ్గర శిక్షణ పొంది ఛత్తీస్‌గఢ్ తరఫున ఆడింది. ఎత్తు దాదాపు 6 అడుగుల 11 అంగుళాలు. భారత మహిళా బాస్కెట్‌బాల్‌లో అంత ఎత్తు అరుదు. మెదడులో కణితి వచ్చినా చికిత్స పొంది మళ్లీ కోర్టులోకి దిగింది. నా దృష్టిలో ఆమె ఎత్తు కన్నా పెద్ద విషయం అదే. రాజేశ్ పటేల్ 2018లో కన్నుమూశారు. ఉక్కు కర్మాగారపు ఊరైన భిలాయ్‌ను బాలికల బాస్కెట్‌బాల్‌కు కేంద్రంగా మలిచిన ఘనత ఆయనది.

పూనమ్ ఆడే స్థానం సెంటర్. సెంటర్ అంటే రింగు దగ్గర నిలిచి రీబౌండ్లు పట్టే, ప్రత్యర్థి షాట్లను అడ్డుకునే ఆటగాడు. రింగు ఎత్తు 3.05 మీటర్లు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఈ స్థానానికి చిరునామా కరీమ్ అబ్దుల్ జబ్బార్: 38,387 పాయింట్లు. అత్యధిక పాయింట్ల ఆ రికార్డును 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటాడు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడూ సెంటరే: పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్, 2015, డల్లాస్ మావెరిక్స్, 52వ ఎంపిక.

జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించింది 1891లో. ఒలింపిక్స్‌లో పురుషులకు 1936 బెర్లిన్‌లో, మహిళలకు 1976 మాంట్రియల్‌లో చోటు దక్కింది. ఈ రెండు సంవత్సరాలను తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త.