బొంత వెల ఎంత? - కుట్టు సంఘాలకు ఒక లెక్కల పాఠం

మీ ఇంట్లో మంచం మీదనో, అటక మీదనో ఒక బొంత తప్పక ఉంటుంది. అమ్మ కట్టి విడిచిన నేత చీరలు, తాతగారి పంచెలు పొరలుగా పరచి, మధ్యాహ్నం తీరిక వేళల్లో నలుగురు స్త్రీలు చుట్టూ కూర్చుని కుట్టిన బొంత అది. దానికి ఎవరూ వెల కట్టి ఉండరు. కట్టవలసిన అవసరమూ లేదు. ఇంటి కోసం కుట్టినదానికి గంటలు లెక్కించనక్కరలేదు.

అదే బొంత అమ్మకానికి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. కుట్టేది అవే చేతులు, కూర్చునేది అదే వసారా. కనుక శ్రమను లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన తోచదు. గుడ్డకు, దారానికి అయిన ఖర్చు పోను ఏదో మిగిలిందని సంతోషిస్తాం. ఆరు నెలలు గడిచాక బ్యాంకు వాయిదా కట్టడానికి చేతిలో సొమ్ముండదు. పని దొరికింది, సరుకు అమ్ముడైంది, అయినా అప్పు తీరలేదు. ఎందువల్ల? ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం. బేరం ఒప్పుకోవడానికి ముందే కుట్టు వరుసలను లెక్కించండి. లెక్కకు రాని వరుసకు కూలి రాదు. కూలి రాని బొంత కోసం తెచ్చిన అప్పు తీరదు.

మనకంటె ముందు నడిచినవారు

బొంత కుట్టుకు సంఘం కట్టడం కొత్త సంగతి కాదు. బీహారులోని ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామంలో పురిటి బిడ్డల కోసం పాత గుడ్డలతో 'సుజనీ' అనే మెత్తని బొంతలు కుట్టే ఆచారం ఉండేది. క్రమంగా సన్నగిల్లిన ఆ పనిని 1988లో నిర్మలాదేవి గారు మహిళా వికాస్ సహయోగ్ సమితి ద్వారా తిరిగి నిలబెట్టారు. బొమ్మల అంచులకు గొలుసు కుట్టు, నేల అంతా సన్నని రన్నింగ్ కుట్టు సుజనీ లక్షణం. వరకట్నం, ఆడపిల్లల చదువు వంటి తమ జీవిత విషయాలనే అక్కడి స్త్రీలు గుడ్డమీద బొమ్మలుగా కుట్టారు. సుజనీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2025లో నిర్మలాదేవి గారికి పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు 'కవంది' కుడతారు. వీరి పూర్వులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరడం వీరి పద్ధతి. నాలుగు మూలలా 'ఫూల' అనే మడత గుడ్డ పెట్టనిదే కవంది పూర్తయినట్లు కాదు. వీరు 2004లో ఒక సహకార సంఘంగా ఏర్పడ్డారు.

లెక్క విషయంలో మనకు ఎక్కువ పనికివచ్చే అనుభవం అహమ్మదాబాదుది. 1972లో ఇలా భట్ గారు స్థాపించిన 'సేవా' సంఘంలో మిల్లు పీలికలతో బొంత గలేబులు కుట్టే స్త్రీలు చేరారు. వ్యాపారి పీలికలిచ్చేవాడు, వీరు ఇంట్లో కుట్టి ఇచ్చేవారు, విడికి ఇంత అని కూలి. కూలి పెంచమని అందరూ కలిసి అడిగినప్పుడు వ్యాపారులు పని ఇవ్వడం మానివేశారు. అప్పుడా స్త్రీలు తామే పీలికలు కొని, తామే కుట్టి, తామే అమ్ముకునే సహకార సంఘాన్ని 'సబీనా' పేరుతో ఏర్పాటు చేసుకున్నారు. పనివారు సరుకుకు యజమానులు కావడానికి చేతి నేర్పు ఒక్కటే చాలదు, ముడిసరుకు కొనే పెట్టుబడి కూడా కావాలని ఈ అనుభవం చెబుతుంది. బ్యాంకు అవసరం ఏర్పడేది అక్కడే. సేవా స్త్రీలు 1974లో తమ బ్యాంకును తామే స్థాపించుకున్నారు.

సంఘం వారంలో ఏమేమి చేయాలి?

పది నుంచి ఇరవై మంది సభ్యులున్న కుట్టు సంఘం వారానికొక రోజు విధిగా సమావేశం కావాలి. ముందు పొదుపు, అప్పు వాయిదాల వసూలు. తరువాత పని పరిశీలన. ఒకరు కుట్టిన బొంతను మరొకరు చూడాలి. కుట్టిన చేతికి తన తప్పు కనబడదు. ఆ పైన పెద్ద బొంతలను పరచి, పొరలు సర్ది, టాకాలు వేయడం వంటి నలుగురి పని అందరూ కలిసి పూర్తి చేయాలి. విడి కుట్టు ఎవరిళ్లలో వారు చేసుకోవచ్చును.

ముడిసరుకు విషయంలో మూడు జాగ్రత్తలు తప్పనిసరి.

మొదటిది, కొత్త నూలుగుడ్డను తడిపి ఆరబెట్టిన తరువాతనే కోయాలి. కొత్త గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పాత చీర పోదు. రెండింటినీ ఉతకకుండా కలిపి కుడితే, కొన్నవారి ఇంట్లో మొదటి ఉతుకుకే బొంత ముడుతలు పడుతుంది.

రెండవది, రంగు పరీక్ష. తడి చేసిన తెల్లగుడ్డతో చీరను గట్టిగా రుద్ది చూడండి. తెల్లగుడ్డకు రంగంటితే ఆ చీరను లేత రంగు గుడ్డ పక్కన వాడరాదు.

మూడవది, పాత బట్టల ఖరీదు. పాత చీరలకు స్టీలు గిన్నెలు మార్చుకునే ఊళ్లలో పాత చీర ఉచితంగా వచ్చిందనుకోవడం పొరపాటు. ఇచ్చిన గిన్నె ధరయే ఆ చీర ధర. సభ్యురాలు తన ఇంటినుంచి తెచ్చినా సరే, పుస్తకంలో ధర రాయాలి.

వరుసల లెక్క

ఇప్పుడు అసలు పాఠం. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు గల బొంతను తీసుకుందాం. ఈ దిగువ రూపాయల అంకెలన్నీ ఉదాహరణ కోసమే. మీ ఊరి ధరలు, మీ చేతి వేగం వేసుకుని మీరే తిరిగి లెక్క కట్టుకోండి.

వరుసకూ వరుసకూ మధ్య ఒక అంగుళం దూరం ఉంచితే ఐదడుగుల వెడల్పులో 60 వరుసలు పడతాయి. ఒక్కొక్క వరుస ఏడడుగులు. మొత్తం కుట్టు 420 అడుగులు. సిద్దీ స్త్రీల వలె చుట్టూ తిరుగుతూ కుట్టినా, వరుసల దూరం మారనంతవరకు మొత్తం కుట్టు ఇంచుమించు అంతే.

గంటకు రెండు వరుసలు కుట్టగలరనుకుందాం. 60 వరుసలకు 30 గంటలు. ఉతకడం, కోయడం, అతకడం, పరచి టాకాలు వేయడం 6 గంటలు. అంచు పట్టీకి 4 గంటలు. మొత్తం 40 గంటలు. సంఘం గంటకు రూ. 40 కూలి నిర్ణయించుకున్నదనుకుంటే లెక్క ఇలా ఉంటుంది.

కూలి, 40 గంటలకు: రూ. 1,600
పాత బట్ట: రూ. 150
పై గుడ్డ: రూ. 250
దారం: రూ. 100
సబ్బు, రవాణా, సంచి: రూ. 100
మొత్తం: రూ. 2,200
సంఘ నిధికి, చెడిపోయిన సరుకు నష్టానికి నూటికి పది: రూ. 220
అమ్మవలసిన కనీస ధర: రూ. 2,420

ఇప్పుడు ఒక వ్యాపారి వచ్చి, "అమ్మా, ధర అదే ఉంచి కుట్టు కాస్త దగ్గరగా వేయించండి" అన్నాడనుకోండి. వినడానికి చిన్న మాట. అంగుళం దూరం అరంగుళమైతే వరుసలు 60 నుంచి 120 అవుతాయి. కుట్టుకు 30 గంటలు పట్టేది 60 గంటలు పడుతుంది. మొత్తం పని 70 గంటలు. దారం కూడా రెట్టింపై మరొక రూ. 100 అవుతుంది. కూలి రూ. 2,800, ఇతర ఖర్చులు రూ. 700, వెరసి రూ. 3,500. నూటికి పది కలిపితే రూ. 3,850.

ఆ వ్యాపారి రూ. 2,000 ఇస్తానంటే ఏమవుతుంది? అంగుళం దూరపు బొంతకైతే ఖర్చులు రూ. 600 పోను రూ. 1,400 మిగులుతుంది. 40 గంటలకు పంచితే గంటకు రూ. 35. కోరిన కూలి కంటె తక్కువే, అయినా అది ఆలోచించదగిన బేరం. అరంగుళం బొంతకైతే ఖర్చులు రూ. 700 పోను మిగిలేది రూ. 1,300. 70 గంటలకు పంచితే గంటకు రూ. 19 కూడా రాదు. రెండు బేరాల్లోనూ చేతికి వచ్చే నోట్లు ఇంచుమించు సమానమే. అందువల్లనే నష్టం కంటికి కనబడదు. రెండవ బేరంలో ఒక్కొక్క బొంతకు ముప్పై గంటల శ్రమ వెల లేకుండా పోయింది.

కనుక ఆర్డరు కాగితంలో పొడవు, వెడల్పు, ధరతోపాటు వరుసల మధ్య దూరం కూడా రాయించండి. ఒక జానెడు నమూనా కుట్టి, రెండు ముక్కలు చేసి, ఒకటి వ్యాపారికి ఇచ్చి ఒకటి సంఘం వద్ద ఉంచుకోండి. తరువాత తగవు వస్తే ఆ ముక్కే సాక్ష్యం.

అప్పు ఎంత, ఎన్నాళ్లకు?

యాభై బొంతల ఆర్డరు వచ్చిందనుకుందాం. పదిమంది సభ్యులు రోజుకు నాలుగేసి గంటలు కుడితే రోజుకు ఒక బొంత, యాభై రోజులకు ఆర్డరు పూర్తి. నాట్ల రోజులు, కోతల రోజులు మధ్యలో వస్తే ఆ మేరకు గడువు పెంచి అడగాలి.

ముడిసరుకు, ఇతర ఖర్చులు బొంతకు రూ. 600 చొప్పున రూ. 30,000. ఇల్లు గడవడానికి సభ్యులకు సగం కూలి ముందుగా ఇస్తే రూ. 40,000. మొత్తం రూ. 70,000 కావాలి. సరుకంతా ఒకేసారి అప్పగించి, మరి ముప్పై రోజులకు సొమ్ము వచ్చే ఒప్పందమైతే పెట్టుబడి 80 రోజులు నిలిచిపోతుంది. తొలిరోజునే మొత్తం అప్పు తీసుకుంటే, నెలకు నూటికి రూపాయి వడ్డీ చొప్పున సుమారు రూ. 1,867, అంటే బొంతకు రూ. 37 వడ్డీ. ధర చెప్పేటప్పుడు దీనిని కూడా కలుపుకోవాలి.

అదే సరుకును పదేసి బొంతల చొప్పున అప్పగించి, వారంలోగా సొమ్ము పొందే ఒప్పందం చేసుకుంటే రెండు విడతల ఖర్చు, అంటే రూ. 28,000 చేతిలో ఉంటే సరిపోతుంది. మొదటి విడత సొమ్ము మూడవ విడతకు పెట్టుబడి అవుతుంది. ఒప్పందంలో ఒక్క షరతు మారితే అప్పు సగానికి పైగా తగ్గింది. ముందు బేరం, ఆ తరువాతనే అప్పు దరఖాస్తు. ఈ వరుస తప్పరాదు.

స్వయం సహాయక సంఘాలకు బ్యాంకు రుణం అందించే ఏర్పాటును నాబార్డు 1992లో 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. మన రాష్ట్రాల్లో నేటికీ 'డ్వాక్రా' అనే పిలిచే ఈ సంఘాలకు రూ. 10 లక్షల వరకు రుణానికి తాకట్టు అడగరాదని, సంఘం పొదుపు ఖాతాపై లీను వేయరాదని నియమం ఉంది. తాకట్టు లేదంటే బాధ్యత లేదని కాదు. సంఘం సక్రమంగా రాసుకున్న పుస్తకాలే ఆ రుణానికి ఆధారం. పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకంతోపాటు కుట్టు సంఘానికి మరి మూడు అవసరం. అవి సరుకు పుస్తకం, ఆర్డర్ల పుస్తకం, ఎవరు ఎన్ని వరుసలు కుట్టారో తెలిపే పని పుస్తకం.

వ్యాపారులకు ఒక మాట

ఈ లెక్క మీకు వ్యతిరేకమైనది కాదు. గంటకు రూ. 19 పడిన చేయి రెండవ ఆర్డరులో దూరపు కుట్లు వేస్తుంది, లేదా పని మానుకుంటుంది. అప్పుడు పట్టణంలో మీ మాట పోతుంది. వరుసల దూరాన్ని బట్టి రెండు ధరలు పెట్టుకుంటే, ఏ గిరాకీకి ఏ రకం సరిపోతుందో మీరే ఎంచుకోవచ్చు.

చెల్లింపు గడువు చట్టం కూడా నిర్ణయించింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ సంస్థ నుంచి సరుకు తీసుకున్నవారు ఒప్పుకున్న తేదీలోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులకు మించరాదు. రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో చెల్లించవలసి వస్తుంది. సంఘాలు ఉద్యం నమోదు చేయించుకుంటే ఈ రక్షణ కోరడం సులభమవుతుంది.

సంఘంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ సంఘంలో ఒక సభ్యురాలు గంటకు ఎన్ని వరుసలు కుట్టగలరు? ముగ్గురి చేత గడియారం పెట్టుకుని కుట్టించి సగటు తీయండి.

2. కిందటిసారి అమ్మిన బొంతకు ఖర్చులు పోను గంటకు ఎంత కూలి పడింది?

3. వరుసల దూరం ముప్పాతిక అంగుళమైతే మన ఉదాహరణలోని బొంతకు ఎన్ని వరుసలు పడతాయి? ధర ఎంత చెప్పాలి? (వరుసలు 80, కుట్టు 40 గంటలు. మిగిలిన లెక్క మీరు పూర్తి చేయండి.)

ఈ మూడింటికి సమాధానాలు కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతోనే తదుపరి బేరానికి కూర్చోండి. రుణ దరఖాస్తుతోపాటు అదే కాగితాన్ని మీ బ్యాంకు మేనేజరుకు కూడా చూపించండి.