బతాకా జేబులో ఉంటే చాలదు

పలాస

సంతోష్,

కువైట్‌లో పైప్ వెల్డర్ పని దాదాపు కుదిరిందనీ, మెడికల్‌కి సిద్ధంగా ఉండమని ఏజెంటు చెప్పాడనీ మీ అమ్మ చెప్పింది. జీతం ఎంత, ఓవర్‌టైమ్ ఎలా కడతారు, గదిలో ఎంతమంది, టికెట్టు ఎవరిది అని అన్నీ గట్టిగానే అడిగావట. మంచిదే. మరి ఆసుపత్రి, ఇన్సూరెన్సు సంగతేమిటని అమ్మ అడిగితే మాత్రం ‘అది కంపెనీయే చూసుకుంటుందిలే’ అన్నావట. ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ దేశంలో నీ పేర కట్టే ఆరోగ్య బీమా నీ జీతంలో ఒక ముక్క. ఓవర్‌టైమ్ గంటలు నోటుబుక్కులో రాసుకునే వాడివి, ఆ ముక్కని మాత్రం కంపెనీకి వదిలేస్తే ఎలా? ఇంకెక్కడి కుర్రాడైనా వదిలేస్తే వదిలేయవచ్చు గానీ ఉద్దానం గుంటడు వదలకూడదు. పైగా దాన్ని మంచం పట్టాక వాడితే పెద్ద ఉపయోగం లేదు, కాళ్ళ మీద తిరుగుతుండగానే వాడుకోవాలి. నా వాదమంతా ఇంతే.

మన ఉద్దానం నేల సంగతి నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంతగా ఎందుకుందో వెతకడం మొదలై ఏళ్ళు గడుస్తున్నాయి. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, రక్తంలోనే ఉందన్నారు. ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు. జబ్బు విస్తృతి మాత్రం తేలింది. 2019లో అచ్చయిన ఒక వైద్య అధ్యయనం ఇక్కడి పెద్దవాళ్ళలో నూటికి 18 మందికి కిడ్నీ జబ్బు ఉందని లెక్క చెప్పింది. షుగరు, బీపీ లేనివాళ్ళకీ వస్తుంది. కాళ్ళ వాపులు, ఆయాసం కనిపించేసరికే కిడ్నీలు చాలామట్టుకు చెడిపోయి ఉంటాయి. అంతవరకూ మనిషి కొబ్బరిచెట్టు ఎక్కుతాడు, జీడి మూటలు మోస్తాడు, షిప్‌యార్డులో పన్నెండు గంటలు వెల్డింగ్ చేస్తాడు. ఏమీ తెలియదు. తెలిసే దారి పరీక్ష ఒక్కటే, ముఖ్యంగా రక్తంలో క్రియాటినిన్ చూసి, దాని మీద జీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత, ఎంతో లెక్క కట్టించడం.

ఇలాంటి నేల నుంచి నువ్వు వెళ్తున్నది ఎక్కడికో చూడు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. జూన్ మొదలు ఆగస్టు చివరి దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. అయితే తోలు జాకెట్టు, హెల్మెట్టు తగిలించుకుని కాలుతున్న ఇనుము పక్కన కూర్చునేవాడికి నీడలోనూ చెమట కారుతూనే ఉంటుంది. ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు నరికే కూలీలకు, షుగరూ బీపీ లేకుండానే, చిన్న వయసులో కిడ్నీలు పోతున్నాయి. విపరీతమైన ఎండలో ఒళ్ళు విరిచి చేసే పని, చాలినన్ని నీళ్ళు తాగకపోవడం అందుకు పెద్ద కారణమని అక్కడ పరిశోధించినవాళ్ళు అంటున్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కుర్రవాళ్ళు డయాలసిస్‌కి వస్తున్నారని నేపాల్ వైద్యులు చెబుతూనే ఉన్నారు. నేపాలీకి లేని అదనపు భారం మనకు ఒకటుంది, మనం పుట్టిన చోటే ఈ జబ్బు ఉన్న చోటు. రెండు ప్రమాదాలు ఒకే ఒంట్లో కలిసేవాడు ‘ఒంట్లో బాగానే ఉంది కదా’ అని ఊరుకోవడం ధైర్యమని నేననుకోను.

ఇక కువైట్ పద్ధతి. 1999లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడ నివసించే విదేశీయులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. అది కట్టందే అఖామా (నివాస అనుమతి) కొట్టరు, రెన్యువల్ చేయరు. ప్రీమియం చాలా ఏళ్ళు ఏటా 50 దినార్లుగా ఉండేది, ఇప్పుడు పెరిగింది. కట్టాల్సింది నీ కఫీల్, అంటే కంపెనీ. దీని మీద నీకు దక్కేది ప్రభుత్వ వైద్యం. నీ బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) మీద ఏ చిరునామా ఉందో ఆ పేటలోని ప్రభుత్వ పాలీక్లినిక్కే నీ మొదటి మెట్టు. అక్కడి డాక్టరు రాసిస్తే పెద్దాసుపత్రికి వెళ్తావు. మహబూలా, మంగఫ్, ఫహాహీల్ వైపు ఉండేవాళ్ళకు అదాన్ ఆసుపత్రి, జలీబ్ వైపు వాళ్ళకు ఫర్వానియా ఆసుపత్రి. ఇందులో మనవాళ్ళు తరచు దెబ్బతినేది చిరునామా దగ్గర. కంపెనీ క్యాంపు మార్చినా బతాకా మీద పాత చిరునామాయే ఉండిపోతుంది. క్లినిక్‌కి వెళ్తే నీ పేట ఇది కాదంటారు, మనవాడు విసుగొచ్చి మందుల షాపులో నొప్పి మాత్ర కొనుక్కుని వచ్చేస్తాడు. క్యాంపు మారిన వారమే చిరునామా మార్పించమని క్యాంప్ బాసుని అడుగు. భాష గురించి బెంగ వద్దు. అక్కడి నర్సుల్లో మలయాళీలు చాలామంది, హిందీతో పని జరిగిపోతుంది.

బీమా ఉందంటే అంతా ఉచితమనీ అనుకోకు. 2017లో విదేశీయులకు రుసుములు బాగా పెంచారు. క్లినిక్‌లో చూపించుకోవడానికి 2 దినార్లు, పెద్దాసుపత్రి ఓపీకి 10 దినార్లు చేశారు. 2022 డిసెంబరులో క్లినిక్ మందులకు 5 దినార్లు, ఓపీ మందులకు 10 దినార్లు అదనంగా పెట్టారు. అంటే ఒకసారి క్లినిక్‌కి వెళ్ళి మందు తెచ్చుకుంటే మన లెక్కలో రెండు వేల రూపాయల దాకా అవుతుంది. ఇక్కడే నువ్వు అడ్డు చెబుతావని తెలుసు, ఆ డబ్బు ఇంటికి పంపితే అప్పు తీరుతుంది కదా, మందులు పలాసలోనే కొని సంచిలో పెట్టుకెళ్తే పోదా అని. అందరూ చేసేది అదే. ఆ సంచిలో ఉండేవి చాలామటుకు నొప్పి మాత్రలే. రోజంతా వంగి వెల్డింగ్ చేసేవాడికి నడుం నొప్పి రాకుండా ఉండదు. నీళ్ళు తక్కువై, చెమట ఎక్కువైన ఒంట్లో డైక్లోఫినాక్ లాంటి మాత్ర కిడ్నీకి నేరుగా చేటు. క్లినిక్‌కి వెళ్ళక మిగుల్చుకున్న రెండు వేలు ఆ మాత్రతోనే పోతాయి, కాకపోతే ఆ నష్టం అప్పుడే కనబడదు. ఇంకో గొడవ కూడా ఉంది. ఇక్కడ చీటీతో దొరికే ట్రమడాల్ లాంటి మాత్రలు ఎమిరేట్స్‌లో మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. ఎయిర్‌పోర్టులో పట్టుబడి జైలుపాలైనవాళ్ళున్నారు. దారిలో దుబాయ్‌లో దిగి విమానం మారేవాళ్ళకూ ఇది వర్తిస్తుందని మరిచిపోకు.

దీనికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. పరీక్షలో ఏదైనా బయటపడితే కంపెనీ ఇంటికి పంపేస్తుందన్న భయం. గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ చేసే జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం ఉంది. జబ్బు పడ్డవాడి కాంట్రాక్టు పొడిగించని కంపెనీలూ ఉంటాయి. కాబట్టి ఈ భయం ఉత్తిది కాదు. కానీ పరీక్ష చేయించుకోనివాడు దేన్ని కాపాడుకుంటున్నాడో ఒక్కసారి లెక్క వేసి చూడు. జబ్బు లేకపోతే పరీక్షతో పోయేదేమీ లేదు. జబ్బు మధ్యలో, అంటే మూడో దశలో తెలిస్తే నొప్పి మాత్రలు మానడం, బీపీ అదుపులో పెట్టడం, ఎండ పని నుంచి షాపులోని ఫ్యాబ్రికేషన్ పనికి మారడం లాంటివి చేసి, చాలామంది ఏళ్ళ తరబడి నెట్టుకురాగలరు. తెలియకుండా చివరిదైన ఐదో దశకు చేరినవాడు ఒకరోజు సైటులో కూలబడతాడు. వాణ్ణి కంపెనీ ఎలాగూ పంపిస్తుంది. వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు డయాలసిస్ మిషను మీద పడుకునేవాడు సైటు పనికి పనికిరాడు కదా. దాచడం వల్ల ఉద్యోగం నిలవదు, ఇంకొన్ని నెలలు సాగుతుంది, అంతే. ఆ నెలల ఖరీదు కిడ్నీ. పైగా బీపీ చూపించుకోవడానికి, రక్తపరీక్షకు క్లినిక్‌కి వెళ్ళడం సిక్ లీవు అడగడం లాంటిది కాదు. డ్యూటీ లేని పూట వెళ్ళు, ఆ చీటీ ఫోర్‌మన్‌కి చూపించాల్సిన పనిలేదు.

మరి పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి కదా, ఏదైనా ఉంటే వచ్చి ఇక్కడే చూపించుకుంటా అంటావు. 2023 డిసెంబరులో అది తెరుచుకోవడం, అదే నెలలో హిరమండలం నుంచి వంశధార నీళ్ళు ఉద్దానానికి రావడం మనకు పెద్ద ఊరటే. టెక్కలి, సోంపేటల్లో కూడా డయాలసిస్ దొరుకుతోంది. కానీ నీ కాంట్రాక్టు రెండేళ్ళు. మధ్యలో సెలవు దొరికేది కంపెనీ దయ మీద. ఆ రెండేళ్ళలో ఆరు నెలలకోసారి చూడాల్సిన క్రియాటినిన్‌ని పలాస ఆసుపత్రి కువైట్‌కి వచ్చి చూడలేదు. మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వైద్యసేవ కార్డు అక్కడ పనిచెయ్యదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళకు తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్ళకు 275 రూపాయలకే, పన్ను అదనం, ప్రమాదంలో పోతే ఇంటివాళ్ళకు 10 లక్షలు ఇస్తుంది. తీసుకోవాల్సిందే. కానీ అది ముఖ్యంగా ప్రమాదానికి పెట్టిన బీమా. నీ బీపీని నెలనెలా చూసేది కువైట్‌లోని ఆ పేట క్లినిక్కే.

అక్కడి జనానికి విదేశీయులు తమ ఆసుపత్రులు నింపేస్తున్నారన్న విసుగు ఉంది, అది నీ చెవిన పడుతుంది. 2013లో జహ్రా ఆసుపత్రిలో ఉదయం ఓపీ స్వదేశీయులకు, సాయంత్రం విదేశీయులకు అని విడదీసి చూశారు. తర్వాత కట్టిన జాబర్ ఆసుపత్రిని కువైటీలకే కేటాయించారు. ఇది నాకు న్యాయంగా తోచదు. దక్షిణ కొరియాలో 2019 జూలై నుంచి ఆరు నెలలు దాటి ఉండే విదేశీయులు కూడా జాతీయ ఆరోగ్య బీమాలో చేరి తీరాలి. జపాన్‌లో మూడు నెలలకు మించి నివసించేవాళ్ళదీ అదే దారి. అక్కడ విదేశీయులూ స్వదేశీయుల కుండలోనే డబ్బు వేస్తారు, జబ్బు పడ్డవాడు అందులోంచే తీసుకుంటాడు. కువైట్‌లో విదేశీయుడి కుండ వేరు, వరస వేరు. అయితే మనం మరీ పెద్ద మాటలు మాట్లాడేముందు ఒడిశా వైపు కూడా చూడాలి. పర్లాకిమిడి నుంచి వచ్చి పలాస జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒడియా మనిషికి మన రాష్ట్రపు వైద్యసేవ వర్తించదు. అతను పరాయి దేశస్థుడు కూడా కాడు. మనవాళ్ళకే ముందు అనే గీత ప్రతి చోటా ఎవరో ఒకరు గీస్తూనే ఉన్నారు. నీకు కావాల్సింది ఇంతవరకే, ఆ క్లినిక్‌లో నువ్వు దానం అడగడానికి వెళ్ళలేదు. నీ పేర ప్రీమియం కట్టారు, రుసుము నువ్వు కట్టావు. ఎవరో మొహం చిట్లించారని వెనక్కి రావద్దు.

కాగితాల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇదంతా అఖామా ఉన్నవాడికే. విజిట్ వీసా మీద పంపి అక్కడికెళ్ళాక మారుస్తామనే ఏజెంటు మాట నమ్మితే, మార్చే దాకా నీకు ఈ బీమా ఉండదు. ఆజాద్ వీసా అయితే కఫీల్ పేరుకే ఉంటాడు, ప్రీమియం కూడా నీ జేబులోంచే పోతుంది. ఇక కంపెనీతో గొడవపడి ఖల్లివల్లి అయినవాడు, అంటే చెప్పకుండా బయటికి పోయినవాడు, అఖామా పోయిన మర్నాటి నుంచి, జ్వరమొచ్చినా ఆసుపత్రి గడప తొక్కడానికి భయపడతాడు. రెండు వందల దినార్లు ఎక్కువ వస్తాయని బయటికి దూకేవాళ్ళు ఈ ఒక్క లెక్క వెయ్యరు. నీ స్నేహితులు వేరే దేశాలకు వెళ్తుంటే వాళ్ళకీ చెప్పు. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడికి యజమాని కనీసం ఏడాదికి 60 వేల సింగపూర్ డాలర్ల వైద్య బీమా తీసుకోవాలని 2023 జూలై నుంచి నిబంధన, అంతకుముందు అది 15 వేలే. సౌదీలో ప్రైవేటు కంపెనీ బీమా కట్టాలి. 2022లో సవరించిన నియమాల్లో డయాలసిస్‌కి 1,80,000 రియాళ్ళ దాకా పరిమితి పెట్టారు. దుబాయ్‌లో ప్రీమియం కార్మికుడి జీతంలోంచి కోయకూడదు. షార్జా వైపు ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుంచి బీమా లేకుండా వీసా ఇవ్వడం లేదు, కనీస ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హాములు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. అడగాల్సినవి మాత్రం ఎక్కడైనా ఒకటే. ప్రీమియం ఎవరు కడుతున్నారు, ఏ ఆసుపత్రిలో చెల్లుతుంది, ముందునుంచీ ఉన్న జబ్బుకు వర్తిస్తుందా లేదా.

ఇప్పుడు వెంటనే చెయ్యాల్సింది. ఏజెంటుకి అడ్వాన్సు ఇచ్చేముందు పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్ళి క్రియాటినిన్, జీఎఫ్ఆర్, మూత్రంలో ఆల్బుమిన్, బీపీ చూపించుకో. డబ్బు కట్టేశాక గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అని వస్తే ఆ అప్పు మీ నాన్న నెత్తిన పడుతుంది. ముందే తెలిస్తే పోయేది ఒక పూట. రిపోర్టు మామూలుగా ఉంటే దాన్ని ఫోన్లో దాచుకో, కువైట్‌లో మొదటిసారి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు డాక్టరుకి చూపించు. పోల్చడానికి పాత అంకె ఒకటి ఉండాలి. క్రియాటినిన్ అంకె ఎక్కువగా వస్తే మళ్ళీ రెండు వారాలకు చేయించు, ఒక్క రిపోర్టు మీద బెంబేలెత్తకు. అప్పుడూ ఎక్కువే ఉంటే కువైట్ ఎండ నీకు వద్దు. విశాఖలో, శ్రీ సిటీలో ఫ్యాబ్రికేషన్ షాపుల్లో జీతం తక్కువే, కానీ నీ వెల్డింగ్ చెయ్యి అక్కడా పనికొస్తుంది. దాని సంగతి నేను కనుక్కుంటాను. రిపోర్టు చేతికి రాగానే నాకు పంపు. అప్పటిదాకా ఏజెంటు ఎన్నిసార్లు ఫోన్ చేసినా పాస్‌పోర్టు ఇవ్వకు.

మీ మామయ్య