నల్ల తెర ముందు మొదటి నెల



వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ మీద ఏదైనా రాయమని అడిగితే మేము ముగ్గురం కూర్చొని ఆలోచించాం. ఉద్యోగాల గురించి, ఇంటర్నెట్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న మన హాస్టల్ పిల్లలు మొట్టమొదట ఎక్కడ బెదిరిపోతారో అక్కడే మొదలుపెడదామనుకున్నాం. అది ల్యాబ్‌లోని నల్ల తెర. బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. ఒక మూల చిన్న గీత మాత్రం మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. దాన్నే కమాండ్ లైన్ అంటారు.

2006లో మేము హన్మకొండలో బీఎస్సీలో చేరేనాటికి కంప్యూటర్‌ను దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకున్నవాళ్ళం కాదు. ముగ్గురం తెలుగు మీడియం. మొదటిరోజు లాగిన్ పేరు కొట్టాం, కనిపించింది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద చుక్క కూడా పడలేదు. "కీబోర్డు ఖరాబైందిరా" అంటూ మాలో ఒకడు ఇంకా గట్టిగా కొట్టాడు. వెనుక వరుసలోవాళ్ళు నవ్వారు. అసలు సంగతేమంటే, మన పాస్‌వర్డ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో పక్కవాడు లెక్కపెట్టకుండా లైనక్స్ దాన్ని అసలే చూపించదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే మేము ఆ వారమంతా ల్యాబ్‌లో చివరి బెంచీకి పోయేవాళ్ళం కాదు.

ఈ పద్ధతి ఇలా ఎందుకుందో తెలిస్తే సగం భయం పోతుంది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టినప్పుడు వాళ్ళు వాడింది టైపు మిషన్‌లాంటి టెలిటైపు. అది సెకనుకు పది అక్షరాలే కొట్టేది. అందుకే ఆజ్ఞలన్నీ రెండు మూడు అక్షరాలకు కుదించారు. యంత్రం జవాబు కూడా అంతే పొదుపు. పని జరిగితే నోరు మెదపదు, తప్పు జరిగితేనే మాట్లాడుతుంది. 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లైనక్స్‌కు కూడా ఈ అలవాటే వచ్చింది. కాబట్టి ఎంటర్ కొట్టాక ఏమీ రాకపోతే కంగారుపడకండి. పని అయిపోయిందన్నమాట.

ఇక లోపలి అమరిక. మన ట్రంకు పెట్టెను తలచుకోండి. హాస్టల్, అందులో గదులు, గదిలో మీ పెట్టె, పెట్టెలో పుస్తకాల సంచి. కంప్యూటర్‌లో డైరెక్టరీలు ఇలాగే ఒకదానిలో ఒకటి ఉంటాయి. మీ లాగిన్‌కు ఇచ్చిన హోమ్ డైరెక్టరీయే మీ పెట్టె. పీ, డబ్ల్యూ, డీ కొడితే మీరిప్పుడు ఎక్కడున్నారో చెబుతుంది. ఎల్, ఎస్ కొడితే మూత ఎత్తి చూసినట్టు. సీ, డీ కొట్టి పేరిస్తే ఆ సంచిలోకి వెళ్తారు. పేరుకు బదులు రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు బయటికి వస్తారు. విండోస్‌లో సీడీకి, చుక్కలకు మధ్య ఖాళీ వదలకపోయినా నడుస్తుంది. లైనక్స్ ఒప్పుకోదు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం కూడా దానికి వేర్వేరు. పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది. స్పెల్లింగ్ గురించి భయపడే మాలాంటివాళ్ళకు ఆ మీట చేసినంత మేలు ఏ గైడూ చేయలేదు.

ఇంగ్లీషు సంగతి ఒకటి చెప్పాలి. కాన్వెంటు పిల్లలకు ఇవన్నీ ముందే వచ్చనుకున్నాం. కానీ గ్రెప్ అనే మాట వాళ్ళూ అక్కడే మొదటిసారి విన్నారు. అది నిఘంటువులోంచి తెచ్చుకున్న మాట కాదు. యూనిక్స్ పాత ఎడిటర్‌లో వెతికే ఆజ్ఞ అక్షరాలు కలిపితే పుట్టింది. ఆ విషయంలో అందరిదీ ఒకటే తరగతి. ఏ ఆజ్ఞకైనా ముందు మాన్ అని కొడితే దాని వివరణ పుటలు తెరుచుకుంటాయి. అవి ఇంగ్లీషులో, అదీ ముతక ఇంగ్లీషులో ఉంటాయి. స్పేస్ కొడితే కిందికి పోతాయి, క్యూ కొడితే మూసుకుంటాయి. క్యూ సంగతి తెలియక మేము ఒకసారి కంప్యూటర్ స్విచ్చే ఆపేశాం. ఏదైనా ఆజ్ఞ తిరిగి రాకుండా కూర్చుంటే కంట్రోల్‌తో సీ నొక్కండి.

ఇవన్నీ బట్టీ పట్టాం గానీ, కమాండ్ లైన్ నిజంగా అర్థమైంది మెస్ లెక్క దగ్గర. మా హాస్టల్లో నెల ఖర్చును హాజరును బట్టి పంచేవాళ్ళం. ఆ నెల మెస్ కమిటీ మేమే. మా గదిలోని 7వ నంబరు అబ్బాయికి 26 రోజులు వేశాం. పత్తి ఏరడానికి ఊరికి పోయానని, అన్ని రోజులు తినలేదని అతను మొత్తుకున్నాడు. స్కాలర్‌షిప్ డబ్బు చేతికందని నెల అది. నాలుగు రోజుల తిండి ఖర్చంటే చిన్న మాట కాదు.

రిజిస్టరు తీసి ఏ రోజు ఎవరు తిన్నారో వరుసకు ఒక నంబరు చొప్పున ఒక ఫైల్లోకి ఎక్కించాం. గ్రెప్‌తో 7ను వెతికితే లెక్క వందల్లో వచ్చింది! 17, 27, 37 లలో కూడా 7 ఉంది కదా. పూర్తి మాటనే చూడమని డబ్ల్యూ గుర్తు ఇవ్వాలని అప్పుడు తెలిసింది. అందరి లెక్కా ఒకేసారి కావాలంటే ఇంకో దారి ఉంది. సార్ట్ అనే ఆజ్ఞ వరుసలను పేర్చుతుంది. యూనిక్ అనే ఆజ్ఞ పక్కపక్కనున్న ఒకేలాంటి వరుసలను ఒకటి చేసి, అడిగితే ఎన్నున్నాయో చెబుతుంది. పక్కపక్కనుంటేనే సుమా! అందుకే ముందు పేర్చాలి. ఈ రెంటి మధ్య ఒక నిలువు గీత పెడితే చాలు, మొదటిది ఇచ్చింది నేరుగా రెండోదానికి అందుతుంది. ఆ గీత పేరు పైప్. తోటకు నీళ్ళు పెట్టే గొట్టాల్లా ప్రోగ్రాములను తగిలించుకోవాలని డగ్ మెక్‌ల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టాడు. 1973లో థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టాడు. మాకైతే అది వడ్డన వరుసలా కనిపించింది. ఒకరు అన్నం, ఒకరు పప్పుచారు, ఒకరు మజ్జిగ. ఎవరి పని వారిదే, పళ్ళెం మాత్రం ముందుకు పోతుంది.

7వ నంబరుకు 22 వచ్చింది. చేత్తో లెక్కపెట్టినప్పుడు కింది వరుస టిక్కులు కలిపేశాం. నాలుగు రోజుల డబ్బు తిరిగిచ్చాం.

ఆ గర్వం ఎంతో కాలం నిలవలేదు. ప్రాక్టికల్స్‌కు ముందు, చివర చుక్క ఓ ఉన్న పనికిరాని ఫైళ్ళు తీసేద్దామని ఆర్, ఎమ్ కొట్టాం. 'ఏదైనా సరే' అని చెప్పే స్టార్ గుర్తుకు, చుక్కకు మధ్య వేలు జారి ఖాళీ పడింది. యంత్రం దాన్ని రెండు కోరికలుగా చదివింది. మొదట అన్నిటినీ తీసేసింది. తర్వాత చుక్క ఓ అనే ఫైలు లేదని ఫిర్యాదు చేసింది. 14 ప్రోగ్రాములు పోయాయి. ఇక్కడ చెత్తబుట్ట ఉండదు, పోయింది పోయినట్టే. చేత్తో రాసిన రికార్డు పుస్తకం ఉంది కాబట్టి బతికాం. ఒకరు చదువుతుంటే ఒకరు కొడుతూ రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాం. అప్పటినుంచి మా పద్ధతి ఇది. ముందు అదే స్టార్‌తో ఎల్‌ఎస్ కొట్టి ఏవేవి వస్తాయో చూస్తాం. తర్వాత పై బాణం నొక్కి, ఎల్‌ఎస్‌ను ఆర్‌ఎమ్‌గా మారుస్తాం. ఆర్‌ఎమ్‌కు ఐ గుర్తు తగిలిస్తే ఒక్కోదానికి అడిగి మరీ తీస్తుంది.

చివరగా మన భాష సంగతి. ఎకో అని కొట్టి వరంగల్ అని తెలుగులో రాసి, పైప్ గీత పెట్టి, డబ్ల్యూసీకి సీ గుర్తు తగిలించి అడగండి. 19 అంటుంది. కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలే కదా! యూనికోడ్ లెక్కలో వ, ర, సున్నా, గ, ల, పొల్లు అని ఆరు. 1992లో థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఆరు మూళ్ళు 18, చివర ఎంటర్ ఒకటి. అదే ఊరి పేరు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు రాస్తే 9 వస్తుంది. సీ బదులు ఎమ్ గుర్తు ఇస్తే బైట్లు కాక గుర్తులు లెక్కపెట్టి తెలుగు పేరుకు 7 అంటుంది.

సొంత కంప్యూటర్ లేదని ఆగకండి. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ వేసుకుంటే పైన చెప్పినవన్నీ అందులోనే చేసుకోవచ్చు. విండోస్ ఉన్న చోట 2016లో వచ్చిన డబ్ల్యూఎస్‌ఎల్ ఉంది. మొదటి అభ్యాసంగా మీ ఊరి పేరు తీసుకోండి. గుణింతాలు, ఒత్తులు, సున్నాలు విడదీసి ఎన్ని బైట్లు రావాలో ముందు కాగితం మీద లెక్క వేయండి. తర్వాత ఎంటర్ కొట్టండి. హనుమకొండకు మేము వేసిన లెక్క 25.